క్యాసెట్ చివర మిగిలిన పాట

ఓష్, 2001 ఫిబ్రవరి 11

చెల్లెలు బూరుల్‌కు,

అన్నయ్య తష్తాన్ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, మీ వదిన జూరా, పిల్లలిద్దరూ, మన క్యాసెట్ల కొట్లో ఉన్న రెండు ముసలి టేప్ రికార్డర్లతో సహా అందరం కులాసాగా ఉన్నాం. ఆ నొవొసిబిర్స్క్ చలిలో నువ్వూ ఉలాన్ బావా ఆరోగ్యంగా ఉన్నారనే అనుకుంటున్నాను.

బస్సు డ్రైవరు మెదెర్ నీ ఉత్తరం తెచ్చిచ్చి పదమూడు రోజులైంది. జవాబు రాలేదని తిట్టుకుంటూ ఉంటావు. రాయకపోలేదు. మూడుసార్లు రాసి మూడుసార్లూ చింపాను. ఎందుకో తరవాత చెబుతాను, ముందు నువ్వడిగిన సంగతులు.

అమ్మ మోకాలు పరవాలేదు. గొర్రెకొవ్వు మర్దనాతోనే తగ్గిందంటుంది. డాక్టరిచ్చిన బిళ్ళలు మాత్రం డబ్బాలో అలాగే ఉన్నాయి. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని వీధంతా తిరిగి, అడగని వాళ్ళకు కూడా "మా బూరుల్ కుట్టింది" అని చెబుతోంది. కుట్టడం కాదమ్మా, అల్లింది అంటే, "చేసింది నా కూతురు, మధ్యలో నీకేం నొప్పి" అంటుంది. పెరట్లో ఆప్రికాట్ చెట్టు నీటిపైపు కోసం కొట్టేశారా అని అడిగావు. లేదు, పైపే వంకర తిప్పారు. మీ వదిన కొత్త కర్టెన్లు కావాలని రెండు నెలలుగా పోరుతోంది. నేను వినబడనట్టు ఉంటున్నాను.

కొత్త పాటలేం వచ్చాయని అడిగావు. నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఇంటికి ఆలస్యంగా వెళ్తారని బజారంతా తెలుసు, అయినా అడిగావు కాబట్టి విను. అల్మాతీ నుంచి ముగ్గురు కుర్రాళ్ళ జట్టొకటి వచ్చింది. ముగ్గురికీ కలిపి ఒక్క మనిషికి సరిపడా గొంతు లేదు. కానీ ఆ డ్రమ్ముల ఊపుకి మా ఎదురు కొట్టు కసాయి మామిత్ కత్తి కూడా ఆ తాళంలోనే పడుతోంది. అందిజాన్ పిల్ల ఒకతె, పేరు దిల్‌నవాజ్. పెళ్ళిళ్ళలో పాడి పాడి పైకొచ్చింది. ఆ పిల్ల చివరి చరణంలో గొంతు పెంచదు, తగ్గిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఇదేమిటి సగంలో ఓపిక అయిపోయిందా అనుకున్నాను. నాలుగోసారికి కొనడానికి వచ్చినవాణ్ణి నిలబెట్టి, ఆగు, ఈ చరణం విని వెళ్ళు అన్నాను. ఇంకో కొత్తవాడు షెర్‌నియాజ్, నరీన్ కొండల్లో గొర్రెల కాపరి కొడుకు. మూడు తీగల కొముజ్ వాద్యానికి వెనకాల కీబోర్డు పెట్టి పాడతాడు. అతన్ని ఇంకా ఎవరూ కొనడం లేదు. నేనే ప్రతి క్యాసెట్ చివరా మిగిలిన జాగాలో, ఉచితంగా, అతని పాట ఒకటి ఎక్కించి పంపుతున్నాను. ఇంటికెళ్ళి విన్నవాళ్ళు వారం తిరక్కుండా వచ్చి ఎవరతను అని అడుగుతారు. ఇలా ఎంతమందిని ఈ ఊరికి పరిచయం చేశానో నీకు తెలియనిది కాదు. "చెవుల తష్తాన్" అని నన్ను ఎగతాళికి అంటారు కానీ, నేను దాన్ని బిరుదుగానే పెట్టుకున్నాను.

ఇదంతా రాసింది అసలు ప్రశ్న దగ్గరికి వెళ్ళడానికి భయపడి. నువ్వేమని రాశావో నాకు అక్షరం అక్షరం కంఠతా వచ్చింది. అక్కడ మనవాళ్ళు నూరుజ్ పండక్కి హాలు అద్దెకు తీసుకుంటున్నారు. అకార్డియన్ వాయించే కాదిర్‌గారు, నువ్వు కుట్టుమిషను దగ్గర కూనిరాగం తీస్తుంటే విని, నిన్ను పాడమని రెండుసార్లు అడిగారు. మార్చి మొదటివారంలోగా చెప్పమన్నారు. నువ్వు వద్దనే చెప్పాలనుకుంటున్నావు. "రెండేళ్ళ కిందటే రేడియో ఆయన నా గొంతు ఇంటి విందులకి మించి పనికిరాదన్నారు, పదిమందిలో నవ్వులపాలు కావడం ఎందుకు అన్నయ్యా, కానీ నువ్వు పాటలు తెలిసినవాడివి, నువ్వేమంటావు?" అని రాశావు.

బూరుల్, రేడియో ఆయన ఆ మాట అనలేదు. ఆయన నీ క్యాసెట్ విననేలేదు. నేను ఇవ్వలేదు.

ఇక ఆపకుండా రాసేస్తాను, మధ్యలో ఆగితే ఇదీ చింపేస్తాను. రాజధాని రేడియో నుంచి ఎసెన్‌కాన్‌గారు కొత్త గొంతులు వెతుక్కుంటూ మన ఊరొచ్చి రెండు రోజులున్నారు కదా. మొదటి రోజు పొద్దున్నే నువ్వు వచ్చి క్యాసెట్ నా చేతికిచ్చావు. ఒకవైపు నిండా ఆరు పాటలు. మీ సంగీతం మాస్టారు ఆండ్రేయ్ కార్లొవిచ్ స్కూలు గదిలో అకార్డియన్ వాయిస్తూ రికార్డు చేసిచ్చారని, ఇంకో ప్రతి లేదని, జాగ్రత్త అన్నయ్యా అని చెప్పావు. నేను సరే సరే అని బల్లమీద పెట్టుకున్నాను. చేతులకు పిండి అంటి ఉంది నీకు. అమ్మ రొట్టెలకి కేకేస్తోందని పరుగెత్తావు.

ఆ గంటలోనే చొల్పొన్ కొత్త ఆల్బమ్ బిష్కెక్ బస్సులో వచ్చింది. అప్పట్లో చొల్పొన్ అంటే నాకెంత పిచ్చో నీకు తెలుసు. పాలిచ్చే గొర్రెను అమ్ముకునైనా ఆమె కచేరీకి వెళ్తాడని మీ వదిన ఊరంతా చెప్పుకుంది. కొట్టు ముందు జనం వరస కట్టారు. ఖాళీ క్యాసెట్లు మధ్యాహ్నానికి అయిపోయాయి. అలాంటప్పుడు మేమేం చేస్తామో చూశావు కదా. అమ్ముడుపోని పాత గాయకుల క్యాసెట్లు బల్ల కింద గంపలో ఉంటాయి, వాటిమీద కొత్తవాళ్ళ పాటలు ఎక్కించేస్తాం. అందుకే మా కొట్టులో ఏ క్యాసెట్‌కీ వెనకంచున ఉండే ప్లాస్టిక్ బిళ్ళ విరగ్గొట్టం. అది విరగ్గొడితే మళ్ళీ దానిమీద రికార్డు చెయ్యడం కుదరదు. నీదాని బిళ్ళ నేను విరగ్గొట్టలేదు. పైన పేరు రాసిన కాగితమూ అంటించలేదు. జనం బల్లమీద వాలిపోతుంటే అడ్డుగా ఉందని నా చేత్తోనే గంపలో పడేశాను. సాయంత్రం నువ్విచ్చింది గుర్తొచ్చి వెతికేసరికి గంప ఖాళీ. చొల్పొన్ పేరుతో అన్నీ అమ్ముడైపోయాయి. ఎవరు పట్టుకెళ్ళారో తెలియదు.

మర్నాడే నీకు చెప్పి ఉండొచ్చు. ఎసెన్‌కాన్‌గారు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. నిన్ను ఆయన బస చేసిన హోటలుకి తీసుకెళ్ళి, ఈమె నా చెల్లెలు, ఎదురుగా పాడుతుంది వినండి అని ఉండొచ్చు. అలా అంటే నా అజాగ్రత్త బయటపడుతుంది. ఆండ్రేయ్ కార్లొవిచ్ అప్పటికే పెట్టెలు సర్దుకుని జర్మనీ వెళ్ళిపోతున్నారు, మళ్ళీ రికార్డు చేయించే దారి లేదు. ఇచ్చావా అన్నయ్యా అని నువ్వడిగితే ఇచ్చానన్నాను. ఏమన్నారని పది రోజులు అడిగావు. ఫోనులో అడిగాను, వింటున్నారట అన్నాను, తీరిక లేదట అన్నాను. పదకొండో రోజు విసుగొచ్చింది నాకు. నా మీద నాకు రావలసిన విసుగు నీ మీద చూపించాను. "ఇంటి విందులకి సరిపోతుంది, అంతకు మించి పనికిరాదన్నారు" అని, రొట్టె తుంచుకుంటూ, నీ మొహం చూడకుండా అన్నాను.

నువ్వు ఏడుస్తావనుకున్నాను. "ఆయనకు తెలుస్తుందిలే" అని ఒక్క మాట అనేసి పిండి కలుపుకోవడానికి వెళ్ళిపోయావు. ఆ రోజు నుంచి వంటింట్లో కూడా నువ్వు పాడలేదు. ఇల్లు ఇలా మూగబోయిందేమిటి అని అమ్మ అడిగినప్పుడల్లా నేను టేప్ రికార్డర్ చప్పుడు పెంచేవాణ్ణి. నీ పెళ్ళిలో చుట్టాలందరూ పాడమని పట్టుబట్టారు, నువ్వు తల దించుకున్నావు. పెళ్ళికూతురి సిగ్గు అని అందరూ మురిసిపోయారు. నేను నవ్వుతూ అందరికీ మాంసం వడ్డిస్తున్నాను. అప్పుడైనా చెప్పి ఉండవలసింది.

ఇప్పుడెందుకు చెబుతున్నానో కూడా దాచను. నాకు బుద్ధి తనంతట తాను రాలేదు. కిందటి బుధవారం, రెండు వరసల అవతల ఎండు ఆప్రికాట్లు అమ్మే ఖదీచా అక్క కొట్టుకొచ్చింది. రెండేళ్ళ కిందట నా దగ్గర కొన్న చొల్పొన్ క్యాసెట్ తెచ్చింది. దాని రెండో వైపు చొల్పొన్ పాటలు అయిపోయాక, చివర ఇంకో అమ్మాయి పాడుతోందట. వాళ్ళింట్లో కోడళ్ళు ఇద్దరూ చొల్పొన్‌ని వదిలేసి ఆ చివరి ముక్కే తిప్పి తిప్పి పెట్టుకుంటున్నారట. ఎవరా కొత్త పిల్ల, పూర్తి క్యాసెట్ ఇవ్వు అంది. మామూలుగా మిగిలిన జాగాలో నేనేదో ఒక పాట ఎక్కిస్తాను కదా, అలాంటిదే అనుకుంది. ఆ రోజు జనం తోపులాటలో నేనేమీ ఎక్కించలేదు. చివర మిగిలింది నీ పాటే.

పెట్టి విన్నాను. నిమిషన్నర ఉంది. మంచుకి తల్దిక్ కనుమ మూసుకుపోతే, అవతల ఉన్నవాడి కోసం ఎదురుచూసే పిల్ల పాట. "దారి తెరుచుకుంటే చాలు, నువ్వు రాకపోయినా సరే" అన్న దగ్గర నీ గొంతు వణకాలి. అలాంటిచోట ఎవరైనా వణికిస్తారు. నువ్వు వణికించలేదు. మామూలుగా, పక్కింటివాళ్ళతో చెప్పినట్టు అనేసి ముందుకెళ్ళిపోయావు. గిరాకీలు నిలబడి చూస్తుండగానే టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. ఖదీచా అక్కతో మాత్రం, ఎవరో తెలియదు, కనుక్కుంటానని చెప్పాను. చూశావా, అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆమె కొట్టుకి నేనే వెళ్ళి, ఆ పాడింది నా చెల్లెలు అని చెప్పాను.

"ఇంట్లో ఇంత గొంతు పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ పాటలమ్ముతున్నావా? మరి ఇప్పుడెందుకు పాడటం లేదు?" అంది.

"నేనే మాన్పించాను అక్కా" అన్నాను. జరిగిందంతా చెప్పాను.

ఆమె నన్ను తిట్టలేదు. ఆప్రికాట్ల మీద గుడ్డ సర్దుకుంటూ, "ఇదంతా నాకు చెప్పి ఏం లాభం తమ్ముడూ? వినాల్సింది నేను కాదుగా" అంది.

ఆ క్యాసెట్ ఒక్క పూట ఇవ్వు, కాపీ తీసుకుని ఇస్తానంటే మాత్రం నవ్వింది. "నీ చేతికిచ్చి వెళ్తే మళ్ళీ దీనిమీద ఎవర్ని ఎక్కిస్తావో" అని, తనే కొట్టుకొచ్చి, ముక్కాలిపీట వేసుకుని, కాపీ అయ్యేదాకా నా పక్కనే కాపలా కూర్చుంది. ఈ ఉత్తరంతో పాటు మెదెర్ నీకిచ్చే క్యాసెట్ అదే. అందులో ఆ నిమిషన్నర తప్ప ఏమీ లేదు. మిగతా అయిదు పాటలూ, ఆరోదాని మొదలూ పోయాయి. వాటిని తెచ్చివ్వడం నా వల్ల కాదు.

ఇవాళ పొద్దున అమ్మకీ చెప్పాను. ఆమె టీ పాత్ర తీసుకుని నా గిన్నె అంచుదాకా నింపింది. మనింట్లో అలా ఎవరికి పోస్తారో, ఇక లేచి వెళ్తే బాగుండునని అనుకున్న చుట్టానికే కదా. నలభై ఒక్కేళ్ళలో నాకెప్పుడూ సగం గిన్నే పోసింది. నేను ఆ గిన్నె అలాగే వదిలేసి కొట్టుకొచ్చి, ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇంకొక్కటి మిగిలింది. మూడు ఉత్తరాలూ చింపింది దీని దగ్గరికొచ్చే. నువ్వు బహుశా ఇలా అనుకుంటావు: రేడియో ఆయన వినకపోతేనేం, అన్నయ్య విన్నాడు కదా, తనకి బాగుందనిపిస్తే పోగొట్టాక వెతికేవాడు, నన్ను మళ్ళీ పాడించేవాడు, నచ్చలేదు కాబట్టే ఊరుకున్నాడు అని. నేను వినలేదు బూరుల్. ఆ పొద్దున క్యాసెట్ రెండు గంటలు నా బల్లమీదే ఉంది. రెండు టేప్ రికార్డర్లూ నా ఎదురుగానే ఉన్నాయి. అందిజాన్‌లో ఎవరు పాడినా, అల్మాతీలో ఎవరు పాడినా పరుగెత్తుకెళ్ళి వినే నేను, రొట్టెల పిండి చేతులతో వచ్చిన నీ గొంతులో వినడానికేం ఉంటుందిలే అనుకున్నాను. నీ పాట నేను మొదటిసారి చెవిపెట్టి విన్నది కిందటి బుధవారం, అదీ ఖదీచా అక్క తెస్తే.

నన్ను క్షమించమని అడగను, అది అడిగే మొహం లేదు. కాదిర్‌గారికి నువ్వు పాడతానంటావో పాడనంటావో నీ ఇష్టం. నువ్వేమంటావు అన్నయ్యా అని ఇక నన్ను అడగకు, చెప్పే అర్హత నాకు లేదు. కానీ వద్దని చెప్పదలిస్తే నీ మాటగానే చెప్పు, ఎసెన్‌కాన్‌గారి పేరు చెప్పకు. నీ గొంతు విన్నవాళ్ళు ఎవరూ నిన్ను ఇంతవరకు వద్దనలేదు.

ఇట్లు,
వినకుండానే నీకు తీర్పు చెప్పిన
అన్నయ్య తష్తాన్