బరువుల గదికి వెళ్ళనా, నాన్నా?

చిన్నతల్లికి నాన్న మనసారా దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ అమ్మా, కుట్టుమిషనూ క్షేమం. అక్కడ హాస్టల్లో నువ్వూ ఒళ్ళూ మనసూ కుదురుగా ఉన్నావని రాద్దామనుకున్నాను గానీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఆ మాట ధైర్యంగా రాయలేకపోతున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇంకా నన్నే తిట్టుకుంటూ దిగుతోంది, మేడ మీది వాటా అద్దెకు తీసుకున్నది నేనే కాబట్టి. షెడ్డులో పంచింగ్ బ్యాగు చిరిగిన చోట దళసరి కాన్వాసు వేసి కుట్టాను. గుద్దితే ఇప్పుడు పేలికలు రాలడం లేదు. నీ పాత గ్లౌజులు ఎవరికీ ఇవ్వలేదు. అడిగినవాళ్ళకి పోయాయని చెప్పాను.

ఇక అసలు సంగతి. "నాన్నా, బరువుల గదికి వెళ్ళనా వద్దా? నెలాఖరులోగా మొదలుపెట్టకపోతే జట్టులోంచి తీసేస్తానని కోచ్ మేడమ్ చెప్పేసింది" అని రాశావు. మూడో రౌండుకి చేతులు కిందికి జారిపోతున్నాయనీ, ఎదుటి అమ్మాయి మీదికొచ్చి తోస్తే నిలబడలేకపోతున్నాననీ కూడా రాశావు. రెండు నెలల కిందట నువ్విదే అడిగితే నేను ఒక్క ముక్కలో తేల్చేశాను. వద్దు, కండ బిగిస్తే చెయ్యి మెల్లబడుతుంది, మణికట్టు నొప్పని చెప్పి తప్పించుకో అన్నాను. తండ్రి మాట జవదాటని పిల్లవి, తప్పించుకున్నావు. ఇప్పుడు మీ కోచ్ మేడమ్ ఆ మణికట్టుకి ఎక్స్‌రే తీయిస్తానంటోందట. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నేను నేర్పింది రెండు నెలలు కూడా అతకలేదు.

ఈసారి తొందరపడకూడదని పది రోజులు ఆగి, నలుగురినీ కనుక్కున్నాను. కనుక్కున్నకొద్దీ ఉన్న మతి కూడా పోయింది.

నా నమ్మకం ఎలాంటిదో నీకు తెలుసు. చొక్కా చంక దగ్గర అరంగుళం బిగుతైతే చెయ్యి పైకి లేవదు. ముప్పై ఏళ్ళుగా చొక్కాలు కుట్టేవాడికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. భుజం మీద కండ పెరిగినా అంతే అనుకున్నాను. పగలు కత్తెర పట్టుకుని, సాయంత్రం షెడ్డులో బాక్సింగ్ నేర్పుతూ ఇదే పాఠం చెప్పాను. ఎవరైనా ఎదురు మాట్లాడితే మన శిష్యుడు బస్తాని చూపించేవాణ్ణి. "వీణ్ణి చూడండి. బరువు ముట్టుకోడు. చెయ్యి చూశారా, పాము నాలుకలా ఎలా ఆడుతోందో!" అని తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. నీకూ చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు దీన్ని పరీక్షగానే తేల్చేద్దామని బస్తానీ, జిమ్ముకి వెళ్ళే కుర్రాడు డంబెల్‌నీ పక్కపక్కన నిలబెట్టాను. మన పద్ధతే. నేను చెయ్యెత్తి గుడ్డముక్క వదులుతాను, అది నేల తాకేలోగా ప్యాడు మీద ఎన్ని దెబ్బలు పడితే అన్ని. డంబెల్‌వి నాలుగు పడ్డాయి. బస్తావి ఐదు. మూడుసార్లు వదిలినా అదే వరస. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. అప్పుడే టీ తెచ్చిన మీ అమ్మకి కూడా చెప్పాను, "చూశావా, బరువులెత్తనివాడి చెయ్యి!" అని.

అమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టి అంది: "పొద్దుటినించీ గోడౌన్‌లో అతను ఎత్తుతున్నదేమిటండీ, దూదా?"

బస్తా సిగ్గుపడుతూ, "రోజుకి నూట ఇరవై దాకా మోస్తాను మాస్టారూ. ఒక్కోటీ యాభై కిలోలు" అన్నాడు.

షెడ్డంతా ఒకటే నవ్వు. వాడికి ఆ పేరు పెట్టింది ఎవరనుకున్నావు? నేనే. గోడౌన్‌లో బస్తాలు మోస్తాడని నోరారా పేరు పెట్టి, బరువు ముట్టని మనిషని తొమ్మిదేళ్ళు అందరికీ చూపించాను. జీతానికి మోసేది బరువని నాకు తట్టనే లేదు. జిమ్ములో ఎత్తితేనే బరువనుకున్నాను.

సరే, అయితే బరువులు మంచివే అన్నమాట, నీకు అలాగే రాసేద్దాం అనుకున్నాను. కానీ నా బుర్ర ఊరుకోదుగా. భుజం ఎంత తిరుగుతుందో కూడా చూద్దామని ఇద్దరినీ ఒక చెయ్యి భుజం మీదినించీ, ఒక చెయ్యి నడుము వైపునించీ వీపు వెనక కలపమన్నాను. డంబెల్‌ వేళ్ళు రెండు వైపులా ఇట్టే కలిశాయి. బస్తావి ఒక వైపు కలిశాయి. కుడి చెయ్యి పైనుంచి తెచ్చినప్పుడు మాత్రం టేపు పెట్టి కొలిస్తే రెండున్నర అంగుళాలు దూరం. వాడు మోసేది ఆ భుజం మీదే. ఇప్పుడేమనుకోవాలి? చురుకైనవాడి భుజం బిగుసుకుంది, భుజం వదులుగా ఉన్నవాడికి చురుకు తక్కువ. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదంటే నమ్ము.

అమ్మ మోకాలికి కసరత్తు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగాను. నా చొక్కా చంక సిద్ధాంతం ఓపిగ్గా విని, "మాస్టారూ, కండ బట్ట కాదండీ" అంది. చెయ్యి చివరిదాకా చాపి, చివరిదాకా మడిచి ఎత్తితే కండ పెరిగినా బిగుసుకోదట. బస్తాలా రోజంతా ఒకే వైపు, ఒకే తీరున మోస్తేనే బిగుసుకుంటుందట. కాళ్ళలో, నడుములో బలం వస్తే దెబ్బకి వేగం కూడా రావచ్చట. హమ్మయ్య అనుకునేలోగా, "కానీ బాగా బరువెత్తిన రోజే రింగులోకి దింపితే చేతులు లాగేస్తాయి, మెల్లగానే పడతాయి. ఒళ్ళు బరువు పెరిగితే మీ పాప పోటీపడే బరువు తరగతి కూడా మారిపోవచ్చు" అంది.

"అంతకీ ఎత్తమంటావా, వద్దంటావా తల్లీ?"

"అమ్మాయిని చూడకుండా నేనెలా చెప్పనండీ?"

నేను మాత్రం చూడకుండానే చెప్పేశాను.

ఇక్కడిదాకా రాసి, కాగితం మడిచి, తపాలాలో వేద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్ళీ చెప్పులు విప్పి కూర్చున్నాను. ఇంకొకటి ఉంది. అది రాయకపోతే పైన రాసిందంతా దండగ.

నా ఆఖరి పోటీ కథ నీకు వందసార్లు చెప్పి ఉంటాను. డబ్బాల్లో సిమెంటు పోసి, ఇనపకడ్డీకి తగిలించి రెండు నెలలు ఎత్తాననీ, దాంతో చేతులు మొద్దుబారి ఓడిపోయాననీ. డబ్బాలు నిజం. ఓడిపోవడం నిజం. మధ్యలోది నిజం కాదు. రెండో రౌండులో ఎదుటి ఆటగాడు ఎడమ చెయ్యి దించాడు. గడ్డం ఎదురుగా కనిపించింది. అంతకు ముందే అతని దెబ్బ ఒకటి నా చెవి మీద పడి ఇంకా గింగురుమంటోంది. నేను కొడితే అతను మళ్ళీ కొడతాడని భయమేసింది. నా చెయ్యి మెల్లగా వెళ్ళలేదమ్మా. అసలు వెళ్ళలేదు. నేను పంపలేదు.

దిగి వచ్చాక మా కోచ్ "ఏమైందిరా?" అంటే, నా నోటికి ముందు దొరికినవి ఆ సిమెంటు డబ్బాలే. ఆయన నమ్మాడు. తరవాత అందరూ నమ్మారు. చెప్పగా చెప్పగా నేనూ నమ్మేశాను. నువ్వు పద్నాలుగో ఏట పక్కవీధి జిమ్ములో కడ్డీ ఎత్తావని వారం రోజులు షెడ్డుకి రానివ్వలేదు, గుర్తుందా? గుమ్మంలో నిలబడి "ఎందుకు నాన్నా?" అని ఏడ్చావు. "నాకు తెలుసు గనక" అన్నాను. ఆ ఏడుపు తలుచుకుంటే ఇవాళ నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మీ అమ్మకి కూడా ఈ పొద్దుటే చెప్పాను. "నాకు చెబితే ఏం లాభమండీ, పిల్లకి రాయండి" అని లేచి వెళ్ళిపోయింది.

ఇందులో మీ మేడమ్ పేర ఇంకో కాగితం పెట్టాను. మణికట్టు నొప్పి అబద్ధమనీ, నేనే చెప్పించాననీ, తిట్లేవైనా ఉంటే నాకు రాయమనీ అందులో ఉంది. అంటించలేదు, నువ్వు చదివాకే ఇవ్వు. ఇవ్వకుండా దాచావో, నా అబద్ధం నీదవుతుంది. ఇచ్చాక ఆవిడ తీసేసినా తీసేయవచ్చు. అది తలుచుకుంటే నాకు భయమేస్తోంది, అయినా ఇవ్వు.

బరువులెత్తాలా వద్దా అంటే, నాకు తెలియదు. చిన్నప్పటినించీ నువ్వేమడిగినా ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు. నీ చెయ్యి చురుగ్గా ఉందో మెల్లబడిందో ఎదురుగా చూస్తున్న ఆవిడని అడుగు, నీ భుజాన్ని అడుగు, నన్ను అడక్కు. ఒకవేళ ఓడిపోతే మాత్రం నాకు రాయి. చెయ్యి ఎందుకు వెళ్ళలేదో ఉన్నదున్నట్టు రాయి. భయమేస్తే భయమేసిందనే రాయి. నేను తిట్టను తల్లీ. ఆ అర్హత నాకు లేదు.

ఇట్లు,
తనకు తెలియనిది తెలుసని నీకు చెప్పిన
మీ నాన్న