అత్తయ్య గిన్నెలో రాళ్ళు

శాన్ పాబ్లో,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన నేలియాకు,

నీ ఫ్లోరో రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. అలా రాసి కాసేపు కలం ఆపాను. మీ అమ్మ పక్కింట్లో ఉండగా నేను బాగున్నానని రాయడం సగం అబద్ధమే, అయినా రాయకపోతే నువ్వు కంగారు పడతావు. హాంకాంగ్‌లో నువ్వూ, నువ్వు చూసుకునే ఆ కవలలూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. పార్సిల్ అందింది. సబ్బులు నువ్వు చెప్పినవాళ్ళకే పంచాను. మీ కొన్సింగ్ పిన్ని మాత్రం తనదాన్ని వాసన చూసి, కిందటిసారిదే బాగుందంది. మాయెత్‌కి దగ్గు తగ్గింది. ఇక పిల్లకి రెండు పూటలా పాకెట్ నూడుల్సూ, డబ్బా చేపలూ పెడుతున్నానా అని అడిగావు. నీకెవరు చెప్పారో నేనడగను, నాకు తెలుసు. నిన్న రాత్రి నీ కూతురు తిన్నది చింతకాయ పులుసులో ఉడికిన తిలాపియా చేప, అందులో తూటికూర. మొన్న వెనిగర్‌లో ఉడికించిన కోడి అడోబో. జీప్నీ బండ్ల సీట్లు కుట్టుకునే చేతులతో ఇంతకంటే ఏం చేయమంటావు చెప్పు.

మీ అమ్మకీ నాకూ క్రిస్మస్ నుంచి మాటల్లేవని నీకు తెలుసు. ఆ రోజు తను చేసిన అడోబోలో వెనిగర్ ఎలా కుదిరిందని తనే అడిగింది. కాస్త ఎక్కువైందన్నాను. అడక్కపోతే అనేవాణ్ణా? మాటలైతే మానేసింది గానీ, గిన్నె పంపడం మానలేదు. రోజూ పొద్దున్నే నీలం పూల గిన్నె రెండిళ్ళ మధ్య గోడ మీద ప్రత్యక్షమవుతుంది, మూత తీస్తే మనవరాలికి కూర. దాన్ని ఖాళీగా తిరిగి పంపితే ఈ వీధిలో తలెత్తుకు తిరగగలనా? నేనూ ఏదో ఒకటి వండి నింపి గోడ మీద పెడతాను. ఆవిడా ఖాళీగా పంపదు. మాట్లాడుకోని ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఇంతలా వండిపెట్టుకోవడం నేనెక్కడా చూడలేదు. నా పని వంటింట్లోనే తెల్లారిపోతోంది, సీట్లేవీ అని డ్రైవర్లు వాకిట్లో నిలబడి తిడుతున్నారు.

ఇంతా చేసి ఆ గిన్నెల్లో ఏముంటోందో తెలుసా? పెసల కూరలో రాళ్ళు. నా దవడ పన్నొకటి కదిలింది. చేప మీద పొలుసు పొలుసులాగే ఉంటుంది. గుడ్డు అట్టులో పెంకు. పెళ్ళంటే చాలు, ఊరంతా వంటకి పిలుచుకునే మనిషి పెసలు ఏరకుండా వండుతుందా? నన్ను రాళ్ళు తినమని నోటితో అనకుండా అనడమే అది, అనుకున్నాను. నేనూ ఊరుకోలేదు. ఆవిడకి సగం పళ్ళు లేవని తెలిసీ ఒకరోజు గిన్నె నిండా కరకరలాడే పంది తోలు వేపుడు పెట్టాను. నీకిది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇది చాలదన్నట్టు నీ ఉత్తరం. జూన్‌లో బడి తెరిచేసరికి మాయెత్‌ని అమ్మ ఇంట్లో దింపెయ్యి, అక్కడే పెరుగుతుంది అని రాశావు.  గోడ అవతలకేగా అంటావు. నేలియా, ఆ పిల్లకి జడ వేయడం నేర్చుకోవడానికి నాకెంత కాలం పట్టిందో నీకు తెలీదు. అదీ వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఎవరి కోసం పొయ్యి వెలిగించాలి? నువ్వు దాని మంచికే అన్నావు, కాదనను. కానీ నాకు ఏడుపొచ్చింది. పైగా తెల్లారితే చాలు, పిల్ల అమ్మమ్మ ఇంటికే పరుగు. ఏం పెట్టి మరిగించిందో అని మండిపోయేవాణ్ణి.

సరే, మాయెత్ పుట్టినరోజు సంగతి చెబుతాను. కొన్సింగ్ పిన్ని వచ్చి, తిని, నీకు ఫోను చేసి చెబుతుందని తెలుసు కాబట్టి నాకది పరీక్షే. పాన్సిట్ నూడుల్సు చేశాను, పిల్ల ఆయుష్షు తరక్కూడదని ఒక్క పోగు తెగకుండా. మాకరోనీ సలాడు చేశాను. బిస్కెట్లూ, మీగడా, చిక్కటి పాలూ, మామిడిపండు ముక్కలూ వరసలు వరసలుగా పేర్చి ముందురోజే ఐసుపెట్టెలో పెట్టాను. లెచె ఫ్లాన్ మాత్రం మీ అమ్మ వంతు. పచ్చసొనలూ పాలూ కలిపి ఆవిరి మీద ఆవిడ ఉడికించినట్టు ఎవరూ ఉడికించలేరు, అది నేనూ ఒప్పుకుంటాను. ఆ పొద్దున గోడ మీద పెట్టిన రేకు పాత్ర తెచ్చి పళ్ళెంలోకి బోర్లించాను. తేనె రంగులో జారాల్సిన పాకం తారులా దిగింది. వేలితో నాకితే కాకరకాయ చేదు.

మనవరాలి పుట్టినరోజున కూడానా అని నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళదీ ఇవాళే తేల్చేద్దామని పళ్ళెం పట్టుకుని బయల్దేరాను. మాయెత్ కొత్త గౌనులో వచ్చి నా చొక్కా పట్టుకుంది.

"నాన్నా, అమ్మమ్మని ఏమీ అనకు. ఇవాళ తలస్నానమని నన్ను వెళ్ళనివ్వలేదుగా నువ్వు. రంగు చెప్పడానికి ఎవరూ లేరక్కడ."

"ఏం రంగే?"

"పాకం రంగు. అమ్మమ్మకి కనిపించదు. రోజూ అన్నీ నేనే చెప్తా. పెసలు కూడా నేనే ఏరతా. బడికి టైమైపోతే సగమే ఏరతా."

 రాళ్ళూ, పొలుసులూ, పెంకులూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇన్ని నెలలు ఒక గుడ్డి మనిషితో పంతానికి పోయాను, అదీ తను నా బిడ్డకి వండిపెడుతుంటే.

పళ్ళెం వెనక్కి తెచ్చి, ఆ నల్ల పాకం ఒంపేసి, మాడిన పొర కత్తితో పలచగా తీసేసి, కొత్తగా చక్కెర కరిగించి పైన పోశాను. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నా మామిడిపండు తీపి వంక చూసిన నాథుడు లేడు. కొన్సింగ్ పిన్ని అందరికీ వినపడేలా, ఇలాంటి చెయ్యి పక్కింట్లో ఉండగా పిల్ల ఈ మగాడి చేతి తిండి తినడమేం ఖర్మ అంది. ఒక్క మాట అంటే చాలు, ఆ పూటే నేను గెలిచేవాణ్ణి, పిల్ల నాకే ఉండిపోయేది. మీ అమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఫోనులో పిన్ని నీకేం చెప్పిందో నాకు తెలుసు. అందుకే కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మిగిలినవన్నీ పొట్లాలు కట్టుకుని చుట్టాలు వెళ్ళిపోయాక మీ అమ్మ ఒక్కతే కూర్చుని ఫ్లాన్ ముక్క నోట్లో పెట్టుకుంది. క్రిస్మస్ తర్వాత నాతో మొదటి మాట అప్పుడే అంది.

"ఇది నా పాకం కాదు. నాది ఇంత తీపి ఉండదు."

"నాదే అత్తయ్యా."

"నాది మాడిందా?"

"కాస్త."

"నువ్వు కాస్త అన్నావంటే బొగ్గయిపోయిందన్నమాట."

ఎప్పటినుంచి అని అడిగాను. నవంబరులో సమాధుల పండుగ నాటి నుంచట. అంతా పాలు కలిపిన నీళ్ళలోంచి చూసినట్టుంటుందట. పిల్ల తన దగ్గరే ఉంటే దాని కళ్ళతో ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చేయొచ్చు అనుకుందట. నీకు మాత్రం రాయొద్దంది. రాస్తే అక్కడ పని వదిలేసి పరిగెత్తుకొస్తావని భయం. రాయనని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. ఇదిగో, రాసేశాను. నువ్వు పరిగెత్తుకు రానక్కర్లేదు. ఆసుపత్రిలో కనుక్కున్నాను, అది ముసలితనంలో కంటికి పట్టే పొరే, తీసేస్తే చూపొస్తుందన్నారు. కాకపోతే ఒంటరి మనిషిని కాదు, ఇంట్లో చూసుకునేవాళ్ళుంటేనే చేస్తారట.

మా ఇంటికి వచ్చేయండి అని పిలిచాను. అల్లుడింట్లో గుడ్డిదానిలా మూల కూర్చోడానికా అని కర్ర పట్టుకుని వెళ్ళిపోయింది. నేలియా, మీ వంశంలో ఈ పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో గానీ నా తల తినేస్తున్నారు.

అందుకని నువ్వొక పని చెయ్యి. మీ అమ్మకి ఉత్తరం రాయి. ఫ్లోరోకి వంట చేతకాదు, ఇల్లు చెత్తకుప్పలా ఉంది, పిల్ల చిక్కిపోతోంది, నువ్వు వెళ్ళి ఆ ఇంట్లోనే ఉండి వంటిల్లు చేతిలోకి తీసుకోకపోతే నాకిక్కడ నిద్రపట్టదు అని రాయి. ఎంత ఘోరంగా రాస్తే అంత తొందరగా పెట్టె సర్దుకుంటుంది. నా పరువు గురించి ఆలోచించకు. అక్షరాలు విడివిడిగా, పెద్దగా రాయి. చదివిపెట్టేది మాయెత్ కదా, పాపం నాన్నని అన్నేసి మాటలు తన నోటితోనే అనాలి. నేను పక్కనే తల వంచుకుని నిలబడతాను. దాని వంక చూడను. చూస్తే ఇద్దరికీ నవ్వొస్తుంది, మీ అమ్మకి కళ్ళు కనపడకపోయినా చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

ఇట్లు,
నువ్వు పెట్టబోయే చీవాట్ల కోసం ఎదురుచూస్తూ
నీ మొగుడు, మాయెత్ నాన్న
ఫ్లోరో