పంపకు అన్నాను

జనవరి, మంగళవారం రాత్రి. మధురానగర్.

పంజాగుట్టలో డాక్టరుకు మోకాలు చూపించుకుని అమీర్‌పేటలో మెట్రో దిగుతుంటే అంటార్కిటికా నుంచి ఫోన్ వచ్చింది. నేను ఆపరేషన్ కోసం ఇంటికి వచ్చేశాక అక్కడి మా పరిశోధనా కేంద్రంలో బోట్లన్నీ యాదగిరే చూసుకుంటున్నాడు.

"అన్నా, గాలి ఒక్కసారే లేసింది. ఇద్దరు సైంటిస్టులు దీవి మీదనే ఉన్నరు. మంచుగడ్డలు ఒడ్డుకు కొట్టుకొస్తున్నయ్. రబ్బరు బోటు పంపాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

మెట్ల మీద కోచింగ్ పిల్లలు నన్ను తోసుకుంటూ పోతున్నారు. ఆ సముద్రాన్ని కళ్లతో చూడకుండా ఏం చెప్పను? దీవి మీద డేరా ఉంది, తిండి ఉంది. బోటు బోల్తా పడితే ఆ నీళ్లలో మనిషి ఎక్కువసేపు బతకడు.

"పంపకురా. వాళ్లను డేరాలనే ఉండమను," అన్నాను.

"ఒకామె మస్తు వణుకుతుందట అన్నా..." అంటుండగానే లైన్ తెగిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

ఇంటికి రాగానే మా ఆవిడ సునీత అన్నం వడ్డించింది. "నువ్వు ఈడ కూసోని ఫికర్ చేస్తే ఆడ గాలి ఆగుతదా? జర తిను," అంది. కంచం పక్కన పెట్టి మళ్లీ ఫోన్ అందుకున్నాను.

ఇందాక యాదగిరి మెసేజ్ పెట్టాడు. గాలి తగ్గలేదట. రేడియోలో ఒక్కరే పలుకుతున్నారట. ఆమె నిద్రపోయిందని చెప్పారట. నిద్రేనా?

నేనే అక్కడుంటే బోటెక్కి వెళ్లిపోయేవాణ్ని. ఇక్కడ నిలబడి ఇంకొకణ్ని పొమ్మనడానికి నోరు రాలేదు. పంపకు అన్నది తెలిసి అన్నానో, భయపడి అన్నానో...