తీగ మీద ఉన్నది పాలపిట్ట కాదు మామా

మామా, దండాలు.

నువ్వు పోయి ఇంకో పందొమ్మిది రోజులైతే ఏడాది. ఇన్ని రోజుల్లో నీతో ఒక్కసారి కూడా సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడాలంటే ముందు ఒకటి ఒప్పుకోవాలె... అది నోట్లోంచి వచ్చేది కాదు. నిన్న దసరా. నిన్న అమ్మ ముందర ఒప్పుకున్న. ఇయ్యాల నీ ముందర.

ముందు ఇక్కడి సంగతులు చెప్త. ముత్తంగి గోదాములో పని మానేసిన. తర్వాత బోల్టుల కంపెనీలో చేరి, అది కూడా మానేసిన. ఇప్పుడు పటాన్‌చెరులో అట్టడబ్బాల కంపెనీ, ప్యాకింగ్ పని. నాలుగో నెల నడుస్తున్నది. నువ్వుంటే నమ్మవు. "అల్లుడా, నువ్వు తోక ఊపుకుంట తిరిగే పిట్ట లెక్కరా. ఒక్క దగ్గర కూసుంటే నిన్నేమన్న సీమలు కుడ్తయా?" అనేవాడివి. తొమ్మిదిలో బడి మానేసినప్పుడు అందరూ తిట్టిన్రు. నువ్వొక్కడివే తిట్టలేదు. ఆదివారం పొద్దున్నే లేపి అమీన్‌పూర్ చెరువుకు తీసుకపోయినవు.

నువ్వు కాపలా ఉన్న కంపెనీ గేటు దగ్గర ఇప్పుడు బీహారాయన ఉంటున్నడు. గోడ వెనక ఖాళీ జాగాలో తీతువు అరుస్తనే ఉంటది. ఆ అరుపు మంచిది కాదని షిఫ్ట్ దిగేవాళ్ళంతా ఉమ్మేసి పోతరు. ఆయనకు కూడా నేర్పిన్రు, ఆయన కూడా ఉమ్మేస్తున్నడు. "అది సావు కబురు కాదురా పిచ్చోడా. కంకరల గుడ్లు వెట్టింది, కావలి కాస్తుంది. నా లెక్కనే గేటు డ్యూటీ దానిది. జీతం లేదు, గంతే" అని నువ్వు చెప్పిన మాట ఆయనకు హిందీలో చెప్పబోయిన. సగంలో ఆగిపోయిన. నువ్వు చెప్పినట్టు రాలేదు.

కంపెనీలో పిట్టల మాట ఎత్తితే, దాన్ని తింటరా అని అడుగుతరు. తినరు అంటే ఇగ మాటలుండయి.

చెరువుకు ఒక్కన్నే పోతున్న. అపార్ట్‌మెంట్లు ఇంకా లేచినయి. వాటి నీడలు నీళ్ళలో పడుతున్నయి, ఆ నీడల మీద నీటికాకులు ఈదుతున్నయి. మొన్న బండ మీద ఒకటి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నది. నీటికాకా, పాముమెడ పిట్టా? రెండూ అట్లనే ఆరబెడతయి కదా. పక్కకు తిరిగి "మామా" అన్న. పక్కన ఎవరున్నరు?

నీ మాట మాత్రం ఉన్నది. "రెక్క సూసి మోసపోకు. ముక్కు సూడు. కొస కొక్కెం లెక్క వంగితే నీటికాకి. సూది లెక్క ఉంటే పాముమెడది." సూదిలాగే ఉండె. పేరు చెప్పుకున్న. ఎవరికి చెప్పుకున్ననో తెల్వదు.

ఇగ ఆ సంగతి.

పోయినేడు దసరా నాటికి షుగర్ నీ చూపు తినేసింది. చేతికందేంత దూరంలో ఉన్న నా ముఖం కూడా నీకు మసకే. అయినా వారం ముందు నుంచి ఒకటే మాట. "చిన్నప్పటి సంది ఒక్క దసరా తప్పలేరా. పాలపిట్టను సూడకుంట ముద్ద మింగలే. ఈసారి కూడ సూపియ్యాలె నువ్వు."

గుడి దగ్గర ఒకడు బోనులో పాలపిట్టను పెట్టుకొని చూపిస్తున్నడు. రెక్కలు దారంతో కట్టి ఉన్నయి. దగ్గరగా ఉన్నది కదా, నీకు కనవడ్తది, చూద్దామన్న. నీకెంత కోపం వచ్చింది! "బోన్ల ఉన్నదాన్ని సూస్తే దర్శనం గాదురా, జైలుల ములాఖత్ అంటరు దాన్ని. పా ఈడికెళ్ళి" అని అందరూ వినేటట్టు అన్నవు. ఆ బోనువాడు మనల్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తున్నది.

నిన్ను బండి మీద కూర్చోబెట్టుకొని మధ్యాహ్నం నుంచి తిరిగిన. పడావు పడ్డ బీడు చేన్లన్నీ ప్లాట్లయినయి. ఉన్న నాలుగు చేన్ల మీద కాకులు, గద్దలు తప్ప ఏమీ లేవు. పొద్దు వాలుతున్నది. నువ్వు నా వీపుకు నుదురు ఆనించినవు. నీ ఊపిరి బరువుగా తగులుతున్నది. నాకు భయమైంది.

ముత్తంగి దాటినంక రింగురోడ్డు పక్కన ఒక నీళ్ళ గుంట, దాని మీదుగా కరెంటు తీగ. తీగ మీద నీలం పిట్ట. బండి ఆపకముందే నాకు తెలిసిపోయింది... తెల్లటి గొంతు, గోధుమ రంగు తల, ఎర్రటి లావు ముక్కు. లకుముకి పిట్ట. దాన్ని చూసి పాలపిట్ట అనుకొని మొక్కేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమందో. వాళ్ళను చూసి మనం ఎన్నిసార్లు నవ్వుకున్నమో.

"మామా, అగో పాలపిట్ట" అన్న.

నువ్వు దిగినవు. చెప్పులు విడిచినవు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నవు. చేతులు జోడించినవు.

అప్పుడే అది ఎగిరింది మామా. ఎగురుకుంటనే అరిచింది, ఎవరో గలగలా నవ్వినట్టు. పాలపిట్ట అట్ల అరవదు. దానిది గరగర గొంతు. కళ్ళు మూసుకొని అరుపు విని పేరు చెప్పే మనిషివి నువ్వు. ఆ అరుపు నీకు వినపడలేదా?

చేతులు మాత్రం దించలేదు. చాలాసేపు అట్లనే నిలబడ్డవు. తర్వాత, "పా అల్లుడా. సూసినం గదా, ఇంటికి పోదాం" అన్నవు.

ఇరవై రోజులకు నిద్రలోనే పోయినవు.

నువ్వు కనిపెట్టినవా? కనిపెడితే నన్నెందుకు తిట్టలేదు? కనిపెట్టకపోతే... నీ కళ్ళతో పాటు నీ చెవులను కూడా నేను మోసం చేసినట్టే కదా. రెండిట్లో ఏది నయమో ఏడాదిగా తెల్వలేదు.

ఇంకో సంగతి నీకు తెల్వదు. అమ్మ అందరికీ చెప్పింది. దినాలకు వచ్చిన చుట్టాలకు, చర్చి వీధిలో పాలు పోసే ఆమెకు, నా కంపెనీ సూపర్‌వైజర్‌కు కూడా. నా తమ్ముడు పాలపిట్టను చూసి పోయిండు, నా కొడుకే తీస్కపోయి చూపిచ్చిండు అని. నా గురించి అమ్మ గొప్పగా చెప్పుకునేది ఇదొక్కటే మామా. ఇంకేమున్నది చెప్పుకోనీకి? బడి మానేసిన సంగతా, నౌకర్లు మారిన సంగతా?

నిన్న అమ్మ పట్టుబట్టింది. మీ మామకు చూపించిన చోటికే నన్నూ తీస్కపో అన్నది. డ్యూటీ ఉందన్న. దసరా నాడు ఏం డ్యూటీరా అన్నది. తీసుకపోయిన. దారంతా దేవునికి మొక్కుకున్న, ఆ తీగ మీద ఏ పిట్టా ఉండొద్దని.

ఉన్నది. అదే తీగ, అదే చోటు. దాని అలవాటే అంత, దొరికిన జాగా విడవదు.

అమ్మ చెప్పులు విడిచింది. చేతులు జోడించి నీతోనే మాట్లాడుతున్నది, తమ్ముడా అనుకుంట. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నయి. నేను ఊకుంటే సరిపోయేది. ఇంకో ఏడాది, ఇంకో పది దసరాలు అట్లనే గడిచిపోయేవి. కానీ అదే అబద్ధానికి ఇద్దరితో మొక్కించాలంటే నా వల్ల కాలేదు.

అది లకుముకి పిట్ట అమ్మా, పోయినేడు మామకు చూపించింది కూడా అదే అని చెప్పేసిన.

అమ్మ చేతులు మెల్లగా కిందికి దిగినయి. కొడుతదనుకున్న. కొట్టలేదు. వానికి తెలుసా అని అడిగింది. తెల్వదన్న. గట్టు మీద కూర్చొని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నేను బండి పట్టుకొని నిలబడ్డ. పక్కన కూర్చునే ధైర్యం రాలేదు.

ఎంతసేపటికో ముఖం తుడుచుకొని, మరి అసలుది ఎట్లుంటదిరా అని అడిగింది.

చెప్పిన. కూర్చున్నప్పుడు దానికేం అందం ఉండదమ్మా, పెద్ద తలకాయ, మట్టిరంగు రొమ్ము, నిద్రమొఖం. రెక్క విప్పితేనే నీలం. నీళ్ళతో దానికి పని లేదు, మిడతల కోసం బీడు వెతుక్కుంటది. అమ్మ మధ్యలోనే లేచింది. అయితే బీడు యాడున్నదో గాడికే పోనియ్ అన్నది.

బొంతపల్లి దిక్కు పోయినం. నా భుజం మీద చెయ్యేసి కనపడ్డ ప్రతిదాన్నీ గదేనా, గదేనా అని అడిగింది. గద్ద అమ్మా. అది పసులపోలిగాడు, బర్రె మీద కూసుంటది. అది కాకే అమ్మా! ఒక తుమ్మచెట్టు దగ్గర నా వీపు మీద గట్టిగా గుద్ది బండి ఆపించింది. చూస్తే కొమ్మకు నీలం పాలిథిన్ కవరు చిక్కుకున్నది. ఇద్దరం నవ్వినం. నువ్వు పోయినంక అమ్మ నవ్వంగ నేను చూడలేదు.

పొద్దుగూకింది. పాలపిట్ట కనపడలేదు.

వాపసు వస్తుంటే అడిగిన, ఇగ అందరికీ ఏం చెప్తవమ్మా అని. మా గల్లీ మలుపు తిరిగినంక చెవి దగ్గర అన్నది, నా తమ్ముడు దండం పెట్టి పోయిండు అని చెప్త, అదైతే నిజమే కదరా అని.

నిజమే కదా మామా... దండం మాత్రం నిజమే కదా?

ఆదివారం నాకు సెలవు. అమ్మ ఇప్పుడే చెప్పింది, ఈసారి పొద్దు పొడవకముందే బయలుదేరాలంట. పోతం. కనపడకపోతే, కనపడలేదనుకుంటనే ఇంటికి వస్తం.

ఉంట.

నీ అల్లుడు