లంగరు లావెక్కింది

ఇన్వర్‌కార్గిల్, మే 3

అమ్మమ్మకు,

రూతా దణ్ణం పెట్టి రాస్తున్నది. శిక్షణ శిబిరానికి క్షేమంగా చేరాను. ఈ దక్షిణపు కొసన మే నెలే చలికాలమట, ఆ చలి ఎముకల్లోనే కాపురం పెట్టింది.

నువ్వు మూటలో కట్టిన ఎండుకొబ్బరి తూచే స్ప్రింగు కాటాను హాస్టల్ గది దూలానికి తగిలించాను. రోజూ పొద్దున్నే దాని కొక్కెం పట్టుకుని కొబ్బరి గోనెలా వేలాడుతున్నాను. పక్కగది అమ్మాయి కాటా మీది గీతలు చదువుతుంది. బరువులెత్తే పోటీలో నా తరగతికి హద్దు యాభై తొమ్మిది కిలోలు కదా. మన దీవిలో బయల్దేరిన రోజు హద్దుకు ఒక గీత, అంటే వంద గ్రాములు, తక్కువే ఉన్నాను. ఇక్కడ అర గీత ఎక్కువ చూపిస్తోంది! నేనేమీ తినలేదు, ఒట్టు. వచ్చే నెలాఖరున జట్టు ఎంపిక. ఆ రోజు హద్దు దాటితే బరువుల బారు ముట్టుకోనివ్వరు.

నీ రూతా

తా.క. నేను వేలాడుతుంటే వార్డెన్ చూసింది. ‘ఇది మీ దేశంలో ప్రార్థనా?’ అంది. అవునన్నాను.

అరానుక, మే 14

రూతాకు,

అమ్మమ్మ బ్వేరియా దీవించి రాస్తున్నది. ఈసారికి సగం దీవెనే.

ఆ కాటాను మీ తాత చర్చి మిషన్ వాళ్ళ ఇత్తడి తూకపు రాళ్ళతో సరిచూశాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క అబద్ధం చెప్పలేదు. మరి చెబుతున్నది ఎవరు? అక్కడ మనుషులకంటే గొర్రెలే ఎక్కువట. నువ్వు ఎన్నింటిని తగ్గించావు? మన ఊరి చావడి మనేయబాలో అందరూ కూర్చున్న చోట నిలబడి, ‘నా మనవరాలు నోరు కట్టుకోగలదు’ అని హామీ ఇచ్చానే! ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?

మీ అమ్మమ్మ

తా.క. నీ ఉత్తరం మీద నూనె మరక ఉంది. వాసన చూశాను. చేప కాదు.

ఇన్వర్‌కార్గిల్, మే 25

అమ్మమ్మకు, నీ మనవరాలి ఆకలి దణ్ణాలు.

ఆ మరక మోకాళ్ళకు రాసుకునే నూనె! నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ ఉడికించిన క్యాబేజీయే తింటున్నాను. గీత దిగింది. కానీ మన ఊళ్ళో నవ్వుతూ ఎత్తిన ఎనభై కిలోలు ఇప్పుడు ఛాతీ దాటి లేవడం లేదు. తింటే గీత ఎక్కుతోంది, మానితే బారు లేవనంటోంది. నువ్వు నమ్మకపోవడమే నాకు ఎక్కువ ఏడుపొస్తోంది, అమ్మమ్మా.

రూతా

తా.క. ఇవాళ ఒక గొర్రె నా వంక అదోలా చూసింది. నేనే తల తిప్పుకున్నాను.

అరానుక, జూన్ 3

రూతాకు,

ఏడవకు. పరీక్ష పెడుతున్నాను. ఓడలో పనిచేసే నీ బకోవా మామ మీ దగ్గరి బ్లఫ్ రేవుకు వస్తున్నాడు. అతని చేత మిషన్ పడవ లంగరు పంపిస్తున్నాను. మీ తాత అప్పట్లో దాన్ని ఆ కాటాకే తగిలించి తూచి ‘అరవై’ అని దాని మీద చెక్కాడు. ఇనుముకు ఆకలి వేయదు. అక్కడా అది అరవయ్యే చూపిస్తే తిన్నది నువ్వే. మూటాముల్లె సర్దుకుని అదే ఓడలో వచ్చెయ్.

కోపంగా,
అమ్మమ్మ

తా.క. లంగరు తీసిన సంగతి పాస్టరుగారికి ఇంకా చెప్పలేదు.

ఇన్వర్‌కార్గిల్, జూన్ 30

అమ్మమ్మకు కోటి దణ్ణాలు!

లంగరును రేవు నుంచి బస్సు దాకా భుజాన మోశాను. దానికి టికెట్టు కొట్టాలా వద్దా అని డ్రైవరు తెగ ఆలోచించాడు. కాటాకు తగిలించాం. అరవై మీద ఒకటిన్నర గీత! సరిగ్గా నాలాగే లావెక్కింది. వెంటనే మా కోచ్ ఫియోనాను పిలుచుకొచ్చాను. ఆవిడ లంగరునీ నన్నూ మార్చి మార్చి చూసి, కడుపు పట్టుకుని నవ్వింది.

మన కాటాలో స్ప్రింగు భూమి ఎంత లాగితే అంత సాగుతుందట. భూమికి నడుం దగ్గర కాస్త ఉబ్బు. మన దీవి ఆ నడుం మీదే ఉంది. గిరగిరా తిరిగే ఊపు కూడా అక్కడే ఎక్కువ. అందుకని అక్కడ లాగుడు తక్కువ, ఇక్కడ ఎక్కువ. ఆ లాగుడే బరువు. ఒంట్లో ఉన్న అసలు సరుకును ద్రవ్యరాశి అంటారు. అది ఎక్కడికెళ్ళినా మారదు. పోటీ కాటాను ఇక్కడే, ఇత్తడి రాళ్ళతో సరిచూస్తారు కాబట్టి అందులో నా అసలు లెక్కే తేలుతుంది. నేను అనవసరంగా కడుపు మాడ్చుకున్నాను!

ఆ రోజు నుంచీ శుభ్రంగా తిన్నాను. ఎంపిక రోజు వాళ్ళ కాటా మీద హద్దుకు ఒక గీత తక్కువ. ఎనభై ఐదు ఎత్తాను. జట్టులో ఉన్నాను, అమ్మమ్మా!

నీ అదే రూతా

తా.క. ఆ మరక మోకాలి నూనె కాదు. చీజ్ రొట్టె. ఒక్కటే.

అరానుక, జూలై 12

నా బంగారు రూతాకు,

పూర్తి దీవెన, పాత బాకీ సగంతో కలిపి. మనేయబాలో అందరి ముందూ నిలబడి, ‘తప్పు నాది, పిల్లది కాదు’ అని చెప్పాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివించారు. ముసలాళ్ళయితే అరానుకలో ఉన్నంత కాలం తాము సన్నగానే ఉన్నట్టని తేల్చుకుని ఇంకో చేప వడ్డించుకున్నారు.

ఇక నా సంగతి. నువ్వు క్యాబేజీ తింటున్నానన్న ఉత్తరం అందిన రోజే, నువ్వు మళ్ళీ కడుపునిండా తినేదాకా కొబ్బరికల్లు పాకం ముట్టనని ఒట్టేసుకున్నాను. చేప కూడా సగమే తిన్నాను. నిన్ను తిడుతూ నేను మాత్రం ఎలా తినను చెప్పు? నీలో ఏదీ మారలేదు కానీ, నాలో అసలు సరుకే తగ్గింది. ఎంత తగ్గిందో తెలీదు, కాటా నీ దగ్గరుంది కదా. గౌను మాత్రం జారుతోంది. ఇవాళ గిన్నెడు పాకం తాగి నీకు రాస్తున్నాను. నువ్వు కూడా తిను తల్లీ.

నీ అమ్మమ్మ

తా.క. లంగరు త్వరగా పంపు. అది లేక మిషన్ పడవ రెండుసార్లు పక్క దీవికి కొట్టుకుపోయింది. రెండోసారి పాస్టరుగారు అందులోనే ఉన్నారు.