ఆయన పుట్టినూరు

11 జూన్ 1978, ఆదివారం. పాకాల.

కాట్పాడిలో చిన్న రైలెక్కి మధ్యాహ్నానికి పాకాల చేరాం. మద్రాసు హార్బర్లో ఓడ దిగినప్పటి నుంచి ఆయన నోట మాట లేదు. ఇక్కడ ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టగానే వంగి, చిటికెడు మట్టి తీసి నుదుట రాసుకున్నారు. అది మట్టి కాదు, ఇంజన్ బొగ్గు పొడి. నుదుటి మీద నల్ల చార. నేను చెప్పలేదు.

మరిది మునిరామయ్య నలుగురు మగవాళ్ళతో వచ్చి అన్నకి దండ వేశాడు. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. నేను సామాన్ల పక్కన నిలబడ్డాను.

ఆయన పన్నెండో ఏట ఈ ఊరు విడిచి, మేనమామ వెంట మలయా వచ్చారు. మధ్యలో ఒక్కసారి, అత్తగారు పోయినప్పుడు, వచ్చి వెళ్ళారు. నేను అక్కడే పుట్టాను. యాభై ఏళ్ళు వచ్చాక మన దేశం మొదటిసారి చూస్తున్నాను. మా కొబ్బరి ఎస్టేట్ తెలుగు స్కూల్లో ఎన్ని బ్యాచీల పిల్లలకి ఈ దేశం గురించి చెప్పానో! నదులు, కొండలు, పంటలు. అన్నీ పుస్తకంలోంచి.

ఆయనకి రిటైర్‌మెంట్ వచ్చింది కాబట్టి ఆరు నెలలు ఉండి చూడాలి, నాకు నచ్చకపోతే వెనక్కి మలయాకి, ఈపోలో మా అమ్మాయి వసంత దగ్గరికి వెళ్ళిపోవాలి. అదీ మా ఒప్పందం. డిసెంబర్ ఎంతలో వస్తుంది.

18 జూన్

ఉదయం చెప్పులేసుకుని బజారుకి బయల్దేరాను. సూదులు, దారం, వసంతకి రాయడానికి కవర్లు కావాలి. గడప దగ్గర నా తోడికోడలు వరదమ్మ చెయ్యి పట్టుకుంది. "యాడికక్కా? ఏం కావల్నో సెప్పు, మండీ నుంచి తెప్పిస్తా" అంది. మరిదికి బెల్లం మండీ ఉంది. నేనే వెళ్తానన్నాను. "మన ఇండ్లల్లో ఆడోళ్ళు బజారుకి పోరక్కా" అంది. కోపంగా కాదు. ఏ డబ్బాలో ఏ పప్పుందో చెప్పినట్టు చెప్పింది.

నేను రోజూ సైకిల్ మీద కొబ్బరితోటల మధ్య నుంచి స్కూలుకి వెళ్ళేదాన్నంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చీర కట్టుకునేనా అని అడిగింది.

2 జూలై

నా తెలుగుకి నవ్వుతున్నారు. పక్కింటి శకుంతలమ్మ, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతానంది. నిన్న భోజనాల దగ్గర "ఆ పళ్ళెం ఇటు ఇవ్వండి, దయచేసి" అన్నానట. అది వీధంతా పాకింది. నేను తెలుగు టీచర్ని. రాత్రి నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి ఆగిపోయింది.

20 జూలై

ఆయన్ని చూస్తే భయమేస్తోంది. అంత సంతోషంగా ఉన్నారు.

ఎస్టేట్ ఆఫీసులో ఆయన పేరు క్లర్కు గోవిందస్వామి. ఇస్త్రీ చొక్కా, లెక్కపెట్టినట్టు మాట. ఇక్కడ పంచె ఎగ్గట్టుకుని, "ఒరే దేవరాజులూ, యాడ సచ్చినావురా ఇన్ని దినాలూ" అని వీధి చివరి మనిషిని కేకేస్తున్నారు. ఆ గొంతు నా కాపురంలో ఎన్నడూ వినలేదు. రాగి సంగటి, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి వేళ్ళు నాకి మరీ తింటున్నారు. మంచం వాకిట్లోనే. పడుకున్న నిమిషానికి గురక.

ఈ మనిషి ఇన్నేళ్ళూ ఎక్కడున్నాడు? నా ఇంట్లో మాత్రం లేడు.

9 ఆగస్టు

ఏమీ జరగలేదు.

10 ఆగస్టు

ఇవాళా అంతే.

10 సెప్టెంబర్

కాణిపాకం వెళ్ళొచ్చాను. ఒక్కదాన్నే.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే లేచి బస్టాండుకి నడిచాను. చిత్తూరు బస్సు ఉంది. ఎక్కాను. కండక్టర్ టికెట్ కొట్టిచ్చాడు. ఎవరమ్మా, ఎవరి ఇల్లు, ఎందుకు పోతున్నావు అని ఎవరూ అడగలేదు. కాణిపాకంలో వినాయకుడికి దండం పెట్టుకుని, బొరుగులు కొనుక్కుని, గుడి బయట రాతి మీద కూర్చుని తిన్నాను. ఊరికే. మూడు నెలల్లో అంత సుఖంగా ఎప్పుడూ లేను.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాను. వాకిట్లో జనం. బావుల్లో కూడా వెతికించారట.

మరిది నాతో ఒక్క మాట అనలేదు. నాకు వినిపించేలా అన్నతో అన్నాడు. "వదిన ఈడ పెరిగిన మనిషి కాదు, నాకు తెలుసన్నా. ఊరికి తెలీదు గదా. రేపు మండీలో నా మొగం ఎట్లా సూపించేది?"

"ఇంక పోదులేరా" అన్నారు ఆయన. నన్ను అడగకుండా నా తరఫున మాట ఇచ్చేశారు.

12 సెప్టెంబర్

నా నగలు, నా పాస్‌పోర్ట్ మరిది ఇనప్పెట్టెలో పెట్టాడు. భద్రం కోసమట. తాళంచెవి అతని మొలతాడుకి ఉంటుంది.

14 అక్టోబర్

వసంత ఉత్తరం రాసింది. ఫిబ్రవరిలో కాన్పు. ఇదివరకు రెండుసార్లు కడుపు నిలవలేదు, ఈసారి నిలిచింది. డాక్టర్ మంచం దిగొద్దన్నాడట. భయంగా ఉందమ్మా, నువ్వు పక్కన ఉండు చాలు, అని రాసింది.

ఆయనకి చదివి వినిపించాను. డిసెంబర్ ఓడకి టికెట్లు చూడమన్నాను. కండువా దులుపుకుని మిద్దె మీదికి వెళ్ళిపోయారు.

15 అక్టోబర్, సాయంత్రం

మిద్దె మీదే చెప్పారు. పిట్టగోడ వైపు తిరిగి చెప్పారు.

ఆయనది అక్కడ ఎర్ర కార్డు. ఉండనిస్తారు, పని చెయ్యనిస్తారు, అంతే. అక్కడి పౌరుడు కాదు. నేను అక్కడ పుట్టాను కాబట్టి నాది నీలం కార్డు. ఎర్ర కార్డు వాళ్ళు దేశం దాటితే గడువులోపల వెనక్కి వెళ్ళాలి. లేకపోతే మళ్ళీ ఉండనివ్వరు. ఆయన గడువు సెప్టెంబర్‌తో అయిపోయింది. మూడు నెలల గడువే తీసుకున్నారు. ఆరు నెలలని నాకు చెప్పిన రోజే ఆ సంగతి ఆయనకి తెలుసు.

"నాకు తిరిగి పోవాలని లేదు పంకజం. చెబితే నువ్వు ఓడెక్కవని చెప్పలేదు."

మునిరామయ్యకి తెలుసా అని అడిగాను. తెలుసన్నారు. మొదటినుంచీ తెలుసట.

"నువ్వు పోవాలంటే పో" అన్నారు. పాస్‌పోర్ట్ ఎక్కడుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

16 అక్టోబర్

వంకాయ కూర చేశాను. ఉప్పు వెయ్యలేదు. ఎవరూ ఏమనలేదు.

12 నవంబర్

వాన. వానలోనే స్టేషన్‌కి వెళ్ళాను.

వారం నుంచి రోజూ మధ్యాహ్నం వెళ్తున్నాను. వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాను. ధర్మవరం బండి వస్తుంది. తిరుపతి నుంచి నున్నటి గుండ్లతో జనం దిగుతారు. బండి పోతుంది. ఊళ్ళో ఏమనుకుంటున్నారో వరదమ్మ రోజూ చెబుతూనే ఉంది. ఇంతకన్నా ఏం చేస్తారు, నన్ను?

ఇవాళ మరిది ఆయన్ని పంపాడు, తీసుకురమ్మని. గొడుగుతో వచ్చి పక్కన కూర్చున్నారు. పట్టాలకేసి చూస్తూ చెప్పారు. పన్నెండేళ్ళప్పుడు ఎస్టేట్ కూలీల లైను ఇళ్ళలో చాప మీద పడుకుని ఈ ఊరిని తలుచుకుని ఏడ్చేవారట. "ఆ ఏడుపు ఆగలేదు పంకజం. పెద్దయ్యాక నీకు కనపడకుండా ఏడ్చాను, అంతే."

"మరి నేను?" అన్నాను.

"నువ్వున్నావు కాబట్టే అన్నేళ్ళు ఉండగలిగాను."

నాకు కోపం రావాలి. వచ్చింది. కానీ ఆ మాట అబద్ధం కాదు, ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. నా పెళ్ళి, నా బిడ్డ, నా వాకిట్లో నేను పెంచిన మందార చెట్లు, ఇవన్నీ ఆయనకి రైలొచ్చేదాకా కూర్చున్న వెయిటింగ్ రూం.

"ఇప్పుడు ఆ చాప మీద నేను పడుకున్నాను" అన్నాను.

ఆయన గొడుగు విప్పారు. ఒకే గొడుగు కింద ఇంటిదాకా నడిచాం. భుజాలు తగలకుండా.

5 డిసెంబర్

మరిదిని పాస్‌పోర్ట్ అడిగాను. ముఖాముఖి అడిగాను.

"ఏం తొందర వదినా. బిడ్డకి అత్తగారుండారు, ఆస్పత్రి ఉండాది. ఈడ అన్నని సూసుకునేదెవరు? ఈ వయసులో మొగుణ్ణి ఇడిసిపెట్టి సముద్రం దాటిందంటే జనం నిన్నే అంటారు, నన్ను కాదు." గట్టిగా కూడా అనలేదు. నా మంచికే చెబుతున్నానని అతని నమ్మకం. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది.

ఆయన అక్కడే పేపర్ చదువుతున్నారు. పేజీ తిప్పలేదు.

11 డిసెంబర్

ఆరు నెలలు.

6 జనవరి 1979

రోలు దగ్గర పచ్చడి నూరుతూ వరదమ్మ అడిగింది, స్టేషన్లో ఒక్కదానివే కూర్చుంటే ఏమనిపిస్తుందని. ఏమీ అనిపించదు, అందుకే వెళ్తున్నానన్నాను. పొత్రం ఆపింది.

"నాకొక కూతురుండాదక్కా. నీకు తెలీదు" అంది.

ఏడు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నాం, నిజంగానే తెలీదు. పేరు తిరుమలమ్మ. వేలూరులో ఇచ్చారు. తొలి కాన్పు కష్టమై నాలుగు రోజులు నొప్పులు పడుతూ అమ్మ కావాలని కబురు చేసిందట. మండీలో బెల్లం సీజన్, ఇంటికి వ్యాపారులు వస్తారు, వండి పెట్టేదెవరని మరిది పంపలేదు. తిరుమలమ్మ బతికింది. ఆరేళ్ళయింది, ఈ గడప తొక్కలేదు.

"పోకుండా ఉన్నింది నేను. ఆయప్ప పంపలేదని అందరికీ సెప్పుకున్నా. దావ తెలీదా నాకు? కాళ్ళు లేవా?"

మళ్ళీ నూరడం మొదలుపెట్టింది. పచ్చడి ఎప్పుడో మెత్తబడింది. నూరుతూనే ఉంది.

10 జనవరి

ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. వరదమ్మ వడ్డిస్తోంది. అన్నం గరిటెతో ఆగిపోయింది.

"అక్క పాస్‌పోర్టు అక్కకిచ్చేయండి" అంది.

మరిది తలెత్తలేదు. "ముందు అన్నం పెట్టు."

పెట్టలేదు. అతను అప్పుడు చూశాడు. "యాడికి పోతాది ఆమె? మొగుడుండే ఊరే గదా ఆమె ఊరు."

"బావ పుట్టినూరికి వస్తే దండేసినారు. అక్క పుట్టినూరికి పోతానంటే పెట్టెకు తాళమేస్తారా? బిడ్డ పురిటికి తల్లి పోవల్ల. నన్ను కూసోబెట్టినారు, సాలదా? ఈమెని కూడా కూసోబెడతారా?"

గొంతు పెద్దదేం చెయ్యలేదు. గరిటెలోంచి మెతుకులు నేల మీద రాలుతున్నాయి. ఈ ఇంట్లో అన్నం నేల మీద పడితే ఆమె ఊరుకోదు. ఇవాళ చూడనైనా చూడలేదు.

మరిది అన్న వైపు తిరిగాడు. అన్నైనా మందలిస్తాడని. నేనూ ఆయన వైపే చూశాను.

ఆయన విస్తరి ముందు నుంచి లేచారు. పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది. లోపలికి వచ్చి తమ్ముడి ముందు చెయ్యి చాపారు.

"తాళం ఇయ్యరా."

అంతే. పాస్‌పోర్ట్ తెచ్చి నా చేతిలో పెట్టేటప్పుడు నా మొహం చూడలేకపోయారు.

24 జనవరి. కాట్పాడి, వెయిటింగ్ రూం.

ఆయన ఇక్కడిదాకా వచ్చారు. మద్రాసు రానన్నారు. ఓడ చూస్తే తట్టుకోలేరట. పక్కచుట్ట కట్టారు, కూజాలో నీళ్ళు పట్టారు, మళ్ళీ వెళ్ళి అరటిపళ్ళు తెచ్చారు. ఎప్పుడొస్తావని అడగలేదు. అడుగుతారని బండి కదిలేదాకా చూస్తానేమో.

సాయంత్రం, రైల్లో: అడగలేదు.

20 ఫిబ్రవరి. ఈపో.

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. వసంత నా చెయ్యి వదలకుండా నిద్రపోయింది.

3 మే

ఇక్కడ బజారుకి వెళ్ళొద్దనేవాళ్ళు లేరు. రోజూ వెళ్తున్నాను. నిన్న పొట్లకాయ కొన్నాను. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, వసంతా తినదు, అల్లుడూ తినడు.

ఎస్టేట్‌కి కూడా వెళ్ళొచ్చాను. మా క్వార్టర్స్‌లో వేరే క్లర్కు కుటుంబం. మందార చెట్లు కొట్టేసి కారుకి షెడ్డు వేసుకున్నారు. ఆ ఇల్లాలు మంచిదే, లోపలికి రమ్మంది. వాకిట్లోనే నిలబడి మాట్లాడి వచ్చేశాను.

రాత్రిళ్ళు హాల్లో మడతమంచం. ఉదయం అల్లుడు ఆఫీసుకి తయారయ్యే లోపల మడిచేయాలి. అతను ఏమీ అనడు. అయినా మడిచేస్తాను.

ఆయన ఉత్తరాలు వస్తున్నాయి. వాన, చెనక్కాయ పంట, మోకాళ్ళ నొప్పులు. రమ్మని మాత్రం రాయరు. ఆ హక్కు పోగొట్టుకున్నానని అనుకుంటున్నారేమో. వసంత ఇక్కడే ఉండిపోమ్మా అంది. సరే అన్నాను. అని మళ్ళీ మడతమంచం వేసుకున్నాను. పాకాలలో ఉన్నట్టే ఉంది.

22 జూలై

ఓడ టికెట్ తీసుకున్నాను. వసంత ఏడ్చింది. అబద్ధం చెప్పి తీసుకెళ్ళిన మనిషి దగ్గరికి మళ్ళీ ఎందుకమ్మా అంది. ఈసారి నాకు ఎవరూ అబద్ధం చెప్పలేదు, తెలిసే వెళ్తున్నానన్నాను. అది దానికి జవాబుగా తోచలేదు. నాకూ పూర్తిగా తోచలేదు. ఆయన అక్కడ ఒక్కరే అన్నం కలుపుకుంటూ కనిపిస్తున్నారు, అంతకంటే చెప్పలేను.

పాస్‌పోర్ట్ నా దగ్గరే ఉంటుందని, వచ్చే ఏడు పాప పుట్టినరోజుకి నేను ఇక్కడ ఉంటానని ఆయనకి ముందే రాశాను. "సరే. రా." అని జవాబు. రెండు మాటలు. కాగితం మిగతా అంతా ఖాళీ.

19 ఆగస్టు 1979. పాకాల.

ఆయనకి మోకాళ్ళు వాచాయట, స్టేషన్‌కి రాలేకపోయారు. వరదమ్మ వచ్చింది. ఒక్కతే. మరిదికి చెప్పి వచ్చావా అని అడిగాను.

"ఇంటికి పోయినాక సెప్తాం లే అక్కా" అని నా పెట్టె అందుకుంది.