తిప్పి వేసుకున్న కార్డు

నడికుడి,
బుధవారం.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు నామంలో నీ నిరోష వందనాలు. నేనూ నానమ్మా బాగున్నాం. ఆమె మోకాళ్ల నొప్పి కూడా క్షేమమే. హైదరాబాదులో నువ్వు చూసుకునే ముసలమ్మగారు ఇప్పటికైనా నీ చేతి అన్నం తింటున్నారా?

"ఆఫీసులో ఏం పని?" అని అడిగావు. పాత బిల్లులు చూసి కంప్యూటర్లో కొట్టడం. గవర్నమెంటు ఇంటర్న్‌షిప్ అంటే పని నేర్పుతారనుకున్నాం. బీటెక్ చదివినదానికి ఇందులో నేర్చుకునేది ఏముంది? తోటివాళ్ల సంగతీ అడిగావు. మా గదిలో ఇంకో నలుగురున్నారు. కరెంటు పోయినా నోరు విప్పరు. అందరూ మెడలో కార్డు తిప్పి వేసుకుంటారు. ఫొటో బాగా రాలేదేమో అనుకున్నాను.

ఇక అసలు మాట. ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేనని రాస్తున్నాను. నేను పర్మినెంటు కాగానే పని మానేసి వచ్చేస్తానన్నావు. మానొద్దమ్మా. నా ఇంటర్న్‌షిప్ అయిపోయి రెండు నెలలైంది.

గడువు ముగిసిన మర్నాడు కార్డు ఇచ్చేద్దామని వెళ్లాను. గుమ్మం దగ్గర హాజరు మిషన్ నా ముఖం చూసి పచ్చలైటు వేసింది. అటెండరు టీ తెచ్చి పెట్టాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఈస్టరుకి వచ్చినప్పుడు నువ్వు సంఘం ముందు నిలబడి, నా బిడ్డకు ఉద్యోగమొచ్చిందని సాక్ష్యం చెప్పావు. అందరూ కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆ మర్నాడూ వెళ్లాను. నెలనెలా వచ్చే స్టైపెండ్ ఒక్కటే ఆగిపోయింది.

పోయిన వారం ఫ్యాను గాలికి పక్క టేబుల్ మనోజ్ అన్న కార్డు తిరగబడింది. దాని మీద గడువు తేదీ మూడేళ్ల కిందటిది.

"ఏందన్నా, నీది ఎప్పుడో అయిపోయిందిగా?"

"గట్టిగా అనమాక చెల్లే," అన్నాడు తలెత్తకుండా. "మా అమ్మకి తెలవదు."

మిగతా ముగ్గురూ టైపు కొట్టడం ఆపేశారు. అందరి చేతులూ ఒక్కసారే కార్డుల మీదకు వెళ్లాయి. అమ్మా, పట్టపగలు నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. ఇక వెళ్లకూడదనుకుంటూనే ఇవాళా వెళ్లాను.

కొత్తమ్మాయిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు.

"అక్కా, ఇక్కడ పర్మినెంటు చేత్తారంటగా? మీరు అట్టా అయినోళ్లేనా?" అని ఆశగా అడిగింది.

మనోజ్ అన్న నా వంక చూశాడు.

"అవును" అన్నాను. చూసుకుంటే నా కార్డు తిరగేసి ఉంది. ఎప్పుడు తిప్పుకున్నానో గుర్తులేదు.

సంఘానికి ఏం చెప్పాలో నువ్వే ఆలోచించి రాయి. నీ జవాబు వచ్చేదాకా పొద్దున్నే తల దువ్వుకుని వెళ్తూనే ఉంటాను.

ఇట్లు,
నీ దగ్గర ఇంతవరకూ ఏదీ దాచని కూతురు,
నిరోష